అద్దంలో గిరాకీ

చిన్నదర్జీ మొగుడికి మనుషులంటే వల్లమాలిన ప్రేమ. ఎంత ప్రేమంటే, ఏ మనిషినీ నేరుగా చూడలేనంత. షాపు అద్దంలో చూస్తాడు, వాన వెలిశాక గుంటలో నిలిచిన నీళ్లలో చూస్తాడు, ఆగి ఉన్న కారు తలుపులో చూస్తాడు, ఆఖరికి టీకొట్టువాడి స్టీలు కెటిల్లో కూడా చూస్తాడు. చూసి ఫోటో తీస్తాడు. అదే మనిషి ఎదురుగా వచ్చి "బాగున్నారా?" అంటే మాత్రం తెల్లమొహం వేస్తాడు. వీధిలో అందరూ అతన్ని అద్దాలాయన అంటారు. అది వెక్కిరింపు అని వీధి మొత్తానికీ తెలుసు. అతనొక్కడే బిరుదనుకుంటున్నాడు.

పుట్టుకతో ఇలా లేడు పాపం. పదకొండేళ్లు ఒక స్టూడియోలో గుర్తింపు కార్డుల ఫోటోలు తీశాడు. "గడ్డం పైకి, కళ్లు తెరవండి, నవ్వకండి." ఈ మూడు ముక్కలతో సంసారం నడిచిపోయింది. అలాంటివాడు ఒక శనివారం, ఒక ఆదివారం ఏదో శిక్షణ శిబిరానికి వెళ్లొచ్చాడు. అక్కడ గడ్డం పెంచిన పెద్దమనిషెవరో "మనిషిని నేరుగా తియ్యడం మొరటుతనం, ప్రతిబింబంలోనే ఆత్మ దొరుకుతుంది" అన్నాట్ట. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా? సోమవారం పొద్దున్నే స్టూడియోకి వెళ్లి ఉద్యోగం మానేసి వచ్చాడు.

"ఇన్నాళ్లూ నేను తీసింది మొహాలు, మనుషుల్ని కాదు" అన్నాడు పెళ్లాంతో.

"మొహం లేకుండా మనిషెక్కడుంటాడండీ?" అంది చిన్నదర్జీ.

"నీకు అర్థం కాదులే."

ఈ "నీకు అర్థం కాదులే" ఉంది చూశారూ, ఇంతకంటే సుఖమైన మాట మొగుళ్లకి ఇంకోటి దొరకలేదు. రోజుకి నాలుగుసార్లు వాడినా అరగదు.

పెద్దమనిషి దగ్గర్నుంచి మూడు నియమాలు కూడా మోసుకొచ్చాడు. ఫోటోలో పడే మనిషితో మాట్లాడకూడదు. అద్దంలోంచి తల తిప్పి అసలు మనిషిని చూడకూడదు. తన బొమ్మ తన ఫోటోలో ఎప్పుడూ పడకూడదు. "ఫోటోలో ఫోటోగ్రాఫరు కనిపించడమూ, కూరలో వంటవాడి వెంట్రుక కనిపించడమూ ఒకటే" అనేవాడు. ఇన్ని నియమాలున్న మనిషి కెమెరా పట్టీ తెగిపోతే దానికి పిన్నీసు గుచ్చుకుని తిరిగేవాడు. పక్కన పడుకునే పెళ్లాం దర్జీ అని గుర్తే లేదు మహానుభావుడికి.

ఇక చిన్నదర్జీ సంగతి. ఆవిడ షాపు నిజానికి మేనత్తది. మేనత్తని వీధిలో పెద్దదర్జీ అంటారు కాబట్టి మేనకోడలు చిన్నదర్జీ అయింది. కొత్త బట్టలు కుట్టే షాపు కాదది. బిగుతైనవి వదులు చెయ్యడం, వదులైనవి బిగించడం, జిప్పులు మార్చడం, అంచులు మడవడం, చిరిగినచోట చిరిగినట్టు తెలియకుండా రఫూ చెయ్యడం. "కొత్తది ఎవడైనా కుడతాడు. ఇంకొకడు కుట్టింది విప్పి, వాడి తప్పు సర్ది, మళ్లీ కుట్టేవాడే దర్జీ" అనేది పెద్దదర్జీ. ముప్ఫై రెండేళ్లు అదే పని చేసి, మోకాళ్లు పోయాక, రెండేళ్ల కిందట తాళాలు మేనకోడలి చేతిలో పెట్టింది.

"ఒకటే షరతు. జనం రావాలి, మిషను తిరగాలి. ఈగలు తోలుకుంటూ కూర్చునే రోజొస్తే మాత్రం ఇంకెవరికైనా ఇచ్చేస్తా. నా షాపు బూజు పట్టడం నేను చూడలేను."

తాళాలతోపాటు ఒక బోర్డు కూడా ఇచ్చింది. చెక్క బోర్డు కాదు. మందపాటి గుడ్డ మీద ఎర్రదారంతో పెద్దదర్జీ సొంత చేత్తో కుట్టిన అక్షరాలు: "తెరిచి ఉంది. లోపలికి రండి." తలుపు బయట కొక్కెం ఉంది. పొద్దున తొమ్మిదికి దానికి తగిలించాలి, సాయంత్రం ఆరున్నరకి తియ్యాలి. చిన్నదర్జీ ఒక్కరోజు మరిచిపోలేదు.

రెండేళ్లలో ఆవిడ పేరు పాకింది. ఆవిడ కుట్టిన అంచుని తిరగేసి చూసినా కుట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి. నిశ్చింతగా ఉన్న ఆ షాపు మీద అద్దాలాయన కన్ను పడింది.

సరిగ్గా చెప్పాలంటే షాపు మీద కాదు, షాపు అద్దం మీద. వీధి మలుపులో ఉంది, ఎదురుగా బస్సు ఆగే చోటు, పొద్దున ఎండ ఏటవాలుగా పడుతుంది. ఊళ్లో ఇలాంటి అద్దం ఇంకోటి లేదట. ఒక్కటే లోపం. లోపల లైటు వెలుగుతుంటే అద్దంలో వీధి కనిపించదు, షాపు కనిపిస్తుంది. షాపు అద్దంలో షాపు కనిపించడం అద్దాలాయనకి పెద్ద చిరాకైపోయింది.

"నీ మిషను ఎలాగూ వెనక గదిలోనే కదా, ముందు గదిలో లైటెందుకు? అద్దం వెనక ఒక నల్లటి తెర కట్టామంటే బొమ్మ అద్భుతంగా వస్తుంది. ఒక్క వారం."

"తెర కడితే షాపు ఎలా కనిపిస్తుందండీ?"

"తలుపుకి బోర్డుంది కదా, తెరిచి ఉందని. చదువుకున్నవాళ్లకి అది చాలు."

మొగుడు చాలా రోజుల తర్వాత నవ్వుతూ అడిగాడు. ఆవిడ కరిగిపోయింది. కరిగిపోవడమే కాదు, తానులోంచి మంచి నల్ల మఖమల్ తీసి, నాలుగువైపులా రెండేసి కుట్లు వేసి, తన తెర తనే కుట్టి ఇచ్చింది. కాలికి గొలుసు వేసేవాడికి కొలత కూడా మనమే ఇచ్చినట్టు.

వారం అన్నది మూడు నెలలయింది.

అద్దాలాయన రోజూ తొమ్మిదింబావుకల్లా అద్దానికి ఓ పక్కగా చేరేవాడు. దారినపోయేవాళ్లు అద్దంలో పడేవాళ్లు, ఇతను నొక్కేవాడు. చిన్నదర్జీ సాయంత్రం దాకా వెనక గదిలో మిషను ముందే కూర్చునేది, అన్నం కూడా అక్కడే. ముందు తెర, మధ్యలో తలుపు, వీధిలో ఏనుగు నడిచినా ఆవిడకి తెలియదు. తలుపుకి చిన్న గంట ఉంది, ఎవరైనా నెడితే మోగుతుంది. ఆ గంట కోసమే చెవులు.

గంట మోగడం తగ్గింది.

మొదటి నెల రోజుకి ఇద్దరో ముగ్గురో వచ్చారు, వాళ్లూ పాత అలవాటు కొద్దీ తలుపు నెట్టే ముసలివాళ్లే. రెండో నెలకి రెండురోజులకొకరు. మూడో నెలలో పోస్టు పంచే అతను వచ్చి గంట మోగించాడు, చిన్నదర్జీ సూదిదారం పట్టుకుని పరిగెత్తుకొచ్చి, అతని చేతిలో ఉత్తరాలు చూసి నీరుగారిపోయింది.

ఆవిడకి అనుమానం ఇంకెవరిమీదా రాలేదు, తనమీద వచ్చింది. మంచివాళ్లతో వచ్చిన చిక్కే ఇది. "నా చెయ్యి పోయింది" అనుకుంది. పోయినవారం కుట్టిన అంచుల్ని లైటు కింద పెట్టి చూసుకుంది. సూదులు మార్చింది. దారం మార్చింది. మిషను నూనె మార్చింది. ఇంట్లో ఉన్న తన బట్టలన్నీ విప్పి మళ్లీ కుట్టింది. భయంతో కుట్టే కుట్టు నిలకడగా ఎలా ఉంటుంది? ఒకచోట వదులు, ఒకచోట బిగువు. అది చూసి, "నిజంగానే పోయింది" అని వెనక గదిలో కూర్చుని ఏడ్చింది. ముందుగదిలో చీకటి కాబట్టి ఎవరూ చూడలేదు. తెర వల్ల ఆ లాభం మటుకు ఉంది.

ఒకరోజు పెద్దదర్జీ చేతికర్ర తాటించుకుంటూ వచ్చింది. మిషను మీద ఉన్న ప్యాంటు తీసుకుని, అంచు మీద బొటనవేలు పెట్టి ఒక చివర్నుంచి ఇంకో చివరికి లాగింది. కళ్లు సరిగ్గా కనపడకపోయినా ఆ వేలికి అన్నీ కనపడతాయి.

"ఇది నీ కుట్టేనా?"

"నాదే అత్తా."

"నీ కుట్టులా లేదే. ఎవరూ రావట్లేదని విన్నా. ఇలా కుడితే ఎందుకొస్తారు?"

"వీధిలోనే జనం తగ్గారేమో అత్తా…"

"ఆడలేక మద్దెల ఓడన్నదట నీలాంటిదే!"

అప్పుడే అద్దాలాయన బ్యాటరీ మార్చుకోవడానికి లోపలికొచ్చాడు. పెద్దదర్జీ అతన్ని అడిగింది. "ఏం నాయనా, నువ్వు రోజూ వీధిలోనే ఉంటావుగా. జనం తగ్గారా?"

"తగ్గడమేంటి పెద్దమ్మగారూ! బోలెడు జనం. మన అద్దం ముందైతే ప్రత్యేకంగా ఆగుతున్నారు కూడా. ఏం హావభావాలు! ఏం దిగులు! అలా ఒక్క క్షణం నిలబడి, తల వంచుకుని, వెనక్కి తిరిగి వెళ్లిపోతారు. ఆ తిరగడం ఉంది చూశారూ, అక్కడ నొక్కాలి."

"విన్నావా?" అంది పెద్దదర్జీ మేనకోడలితో. "షాపు ముందు దాకా వచ్చి పోతున్నారట. నీ పేరు అంత చెడిందన్నమాట."

చిన్నదర్జీ నేలమీద పడ్డ దారం ముక్కలు ఏరుకుంటూ ఉండిపోయింది.

"తాళంచెవులు చేసే అతను ఎప్పట్నుంచో ఈ షాపు అడుగుతున్నాడు. నెలాఖరు దాకా చూస్తా. అప్పటికీ ఇంతే అయితే అతనికిచ్చేస్తా" అని పెద్దదర్జీ లేచింది. మర్నాడే తాళాలాయన వచ్చి ముందుగది కొలుచుకుని వెళ్లాడు. చిన్నదర్జీ టేపే అడిగి పుచ్చుకున్నాడు పాపం, తనది ఇంట్లో మర్చిపోయాట్ట.

అదే నెల మధ్యలో అద్దాలాయన ఫోటోల ప్రదర్శన. లైబ్రరీ పైఅంతస్తు హాలు ఇచ్చారు. ఇరవై ఫోటోలు, ఒక్కొక్కటి గోడ కేలండరంత. మొత్తానికి కలిపి పేరు: "ఎటూ కాని మనుషులు". విడివిడిగా ఒక్కోదానికి మళ్లీ ఒక్కో పేరు. "నిష్క్రమణ". "తిరస్కృతి". "నగరమా, నన్ను పిలవవేం?" ఒక కుక్క ఫోటో కూడా ఉంది, దాని పేరు "స్వేచ్ఛ". ఆఖరిది "శూన్యం": ఉత్త అద్దం, ఉత్త వీధి, మనిషి జాడ లేదు. అద్దాలాయనకి అన్నిటికన్నా అదే ఇష్టం.

చిన్నదర్జీ వెళ్లింది. మొగుడి పండగ కదా, మొహం కడుక్కుని, నవ్వు తగిలించుకుని వెళ్లింది. పెద్దదర్జీని చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించింది. హాల్లో ఓ ముప్ఫైమంది. ప్రదర్శన ఏర్పాటు చేసిన మేడం మెళ్లో కళ్లద్దాలు గొలుసుకి వేలాడుతున్నాయి. ఫోటో చూడాలంటే అవి పెట్టుకుంటుంది, మనుషులతో మాట్లాడాలంటే తీసేస్తుంది.

"ఈవిడ కళ్లు చూడండి" అంటోంది మేడం, "ఒంటరితనం" అని చీటీ ఉన్న ఒక పెద్ద ఫోటో ముందు నిలబడి. "ఏదో వెతుకుతున్నాయి. దొరకలేదు. ఇది ఆధునిక మానవుడి ఒంటరితనం. గుండెలకి ఏదో హత్తుకుని ఉంది, బహుశా తన గతాన్ని…"

చిన్నదర్జీ ఆ ఫోటో దగ్గరికి వెళ్లింది. చూసింది. ఇంకాస్త దగ్గరికి వెళ్లింది. దర్జీలు గిరాకీని మొహం చూసి గుర్తుపట్టరు. గుడ్డ పట్టుకున్న తీరు చూసి గుర్తుపడతారు.

"గతం కాదండీ" అంది మెల్లగా. "కోటు. లోపలివైపు బయటికి తిప్పి పట్టుకుంది. జిప్పు ఊడింది."

మేడం కళ్లద్దాలు తీసేసింది. "ఏంటమ్మా?"

చిన్నదర్జీకి ఆ ప్రశ్న వినిపించలేదు. పక్క ఫోటోకి వెళ్లింది. "నిష్క్రమణ". ఒకాయన చేతిమీద ప్యాంటు, ఒక కాలు మాత్రం పొడవుకి గుర్తుగా మడిచి ఉంది. అంచు మడవాలి. దాని పక్కది "తిరస్కృతి". ఒకమ్మాయి గౌను నడుము దగ్గర రెండువేళ్లతో బట్ట గిల్లి పట్టుకుంది. రెండువైపులా అరంగుళం లాగాలి. ఆ పక్కన ఒకాయన చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. "అధికారానికి ఎదురు నిలిచిన మౌనం" అని రాసుంది కింద. మౌనమూ లేదు, మట్టిగడ్డా లేదు, ప్యాంటు వెనక చిరిగితే చేత్తో మూసుకున్నాడు!

ఒకటి కాదు, రెండు కాదు. పద్దెనిమిదిమంది. అందరి చేతుల్లోనూ ఏదో ఒక గుడ్డ. అందరూ ఆవిడ షాపు ముందే. అందరూ ఒకే చోటుకేసి చూస్తున్నారు. ఏం చూస్తున్నారా అని చిన్నదర్జీ కూడా అటే చూసింది. ఫోటో అంచున తలుపు. తలుపుకి కొక్కెం. కొక్కేనికి ఏమీ లేదు.

పద్దెనిమిది ఫోటోల్లోనూ కొక్కెం ఖాళీయే.

"ఏవండీ" అంది. "నా బోర్డేదీ?"

అద్దాలాయన ఎవరితోనో కరచాలనంలో ఉన్నాడు. "ఏ బోర్డు?"

"తెరిచి ఉందన్న బోర్డు. రోజూ తొమ్మిదికి నా చేత్తో తగిలిస్తాను. ఫోటోల్లో లేదేం?"

"ఓ, అదా!" అన్నాడు, తన జాగ్రత్తకి మెచ్చుకోలు వస్తుందేమో అన్నట్టు. "ఫోటోలో అక్షరాలుంటే కన్నంతా అటే లాగేస్తాయి. అందుకని నువ్వు లోపలికి వెళ్లగానే తీసి సంచీలో పెట్టుకునేవాణ్ని. మళ్లీ సాయంత్రం ఆరింటికి తగిలించేసేవాణ్ని. ఒక్కరోజు మర్చిపోలేదు. కావాలంటే చూడు, ఒక్క మడత కూడా పడలేదు."

హాల్లో జనం ఫోటోల కేసి తిరిగి కొక్కెం వెతుక్కున్నారు. తను అన్న మాట అతని చెవికి మాత్రం ఇంకా సోకినట్టు లేదు.

అప్పుడే లైబ్రరీలో పుస్తకాలు మార్చుకోవడానికి వచ్చి, పైన ఏదో సందడిగా ఉందని ఎక్కొచ్చిన ఒక టీచరమ్మ మొదటి ఫోటో ముందు నిలబడి "అయ్యో, ఇది నేనే!" అంది. "ఒంటరితనం ఏంటండీ, నాకు ముగ్గురు పిల్లలు! ఒక్క క్షణం ఒంటరిగా వదిలితే కదా! కోటు జిప్పు కోసం మూడుసార్లు వచ్చాను. లోపల చీకటి, నల్లతెర. ఎవరైనా పోయారేమో అనుకున్నాను." అంతలో అద్దాలాయన మీద ఆవిడ కన్ను పడింది. "ఇదిగో, ఈయన్నే అడిగాను. షాపు తెరిచే ఉందా బాబూ అని. నోరు విప్పితే ఒట్టు. చేత్తో కొంచెం ఎడమకి జరగమన్నాడు."

"మాట్లాడకూడదు" అన్నాడు అద్దాలాయన. అప్పటికి అతని గొంతు కొంచెం సన్నబడింది. "నియమం."

"నియమమా?" అంది చిన్నదర్జీ. ఆవిడ గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. ఆరోజు హాలంతా వినపడింది. "రోజూ చూశారు కదండీ. గుడ్డ పట్టుకుని వస్తున్నారు, అద్దం దాకా వస్తున్నారు, తిరిగి వెళ్లిపోతున్నారు. మూడు నెలలు మీ కళ్లముందే కదా. లోపల నేను నా చెయ్యి పోయిందని ఏడుస్తున్నాను. కుట్టినవే విప్పి, విప్పినవే కుట్టి చస్తున్నాను. తలుపు ఇంత తెరిచి, ఎవరో వచ్చారే అని ఒక్క మాట అనలేకపోయారా?"

"నేను… నేను ప్రతిబింబాలే చూశాను" అన్నాడు. పాపం, అబద్ధం ఆడటం కూడా రాదు. నిజమే చెప్పాడు.

"పిల్లికి చెలగాటం" అంది టీచరమ్మ. సగంలో ఆపేసింది. మిగతా సగం అందరికీ తెలిసిందే.

పెద్దదర్జీ కర్ర తాటించుకుంటూ ఫోటోలన్నీ ఒక్కొక్కటే చూసింది. ఒక్కోచోట కాగితానికి ముక్కు తగిలేంత దగ్గరికి వంగింది. అన్నీ అయ్యాక మేనకోడలి దగ్గరికొచ్చి ఆవిడ కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో ఆ వేళ్ల కొసలు ఒక్కొక్కటే తడిమి చూసింది.

"నీ చెయ్యి పోలేదే తల్లీ. నేనే నోరు పారేసుకున్నాను" అంది. చిన్నదర్జీ మేనత్త భుజం మీద తల పెట్టి, అందరి ముందూ, వెక్కివెక్కి ఏడ్చింది. మూడు నెలలు వెనకగదిలో ఏడ్చిన ఏడుపు వేరు, ఇది వేరు.

మేనత్త మటుకు మేనత్తే. ఏడుపు అయ్యాక కళ్లు తుడిచి, "అయినా మాట మాటే. చెయ్యి పోకపోయినా గిరాకీ పోయింది. పోయినదాన్ని తెచ్చుకో. నెలాఖరుకి ఇంకా పన్నెండు రోజులున్నాయి" అంది.

ప్రదర్శన అయిపోయింది. ఫోటో ఒక్కటీ ఎవరూ కొనలేదు. పద్దెనిమిదిమంది ఒంటరివాళ్లని ఇంట్లో గోడకి ఎవరు పెట్టుకుంటారు? అన్నీ కట్టలు కట్టి, ట్రాలీ రిక్షాలో వేయించుకుని అద్దాలాయన ఇంటికి తెచ్చాడు. తెచ్చిన రాత్రి అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. "నావల్లే కదా" అన్నాడు. "అవును" అంది చిన్నదర్జీ, కంచం తీసేస్తూ. ఊరడించలేదు. ఆవిడకీ ఓపిక అనేదానికి ఒక కొలత ఉంటుంది.

పొద్దున ఆవిడ మొదట చేసిన పని మఖమల్ తెర పీకెయ్యడం. రెండోది మిషను ముందుగదిలోకి జరపడం. మూడోది, ఇరవై ఫోటోలూ షాపు అద్దానికి లోపలివైపునుంచి వరసగా అతికించడం. "ఒంటరితనం" అన్న చీటీ తీసేసి "కోటు, జిప్పు" అని రాసింది. "నిష్క్రమణ" పోయి "ప్యాంటు, అంచు" వచ్చింది. "తిరస్కృతి"కి "గౌను, నడుము". పైన పెద్ద అక్షరాలతో: "ఈ ఫోటోల్లో ఉన్నవాళ్లకి క్షమాపణలు. షాపు ఆరోజు తెరిచే ఉంది. ఈరోజు కూడా తెరిచే ఉంది. మీ పని ముందు చేస్తాం, మీ ఫోటో మీరు తీసుకెళ్లండి."

నాలుగో పని మొగుణ్ని పిలవడం. సంచీలోంచి ఎర్రదారం బోర్డు తీయించి అతని చేతికే ఇచ్చింది.

"తొమ్మిదికి తీసే అలవాటు మీదే కదా. ఇకనుంచి తొమ్మిదికి తగిలించండి. తగిలించి, రోజూ నిలబడే చోటే నిలబడండి. వచ్చే ప్రతి మనిషినీ మొహంలో మొహం పెట్టి చూసి, తెరిచే ఉంది, లోపలికి రండి అని చెప్పండి. నోటితో."

"నేనా? వీధిలోనా?"

"నియమం" అంది చిన్నదర్జీ.

మొదటిరోజు అతని అవస్థ చూడాలి. "తెరి… తెరిచే…" అంటూ చెప్పులకి చెప్పుకున్నాడు. రెండోరోజు గడ్డాల దాకా వచ్చాడు. నాలుగోరోజు ఒకాయన కళ్లలోకి చూసి మొత్తం వాక్యం అన్నాడు. ఆయన ఉలిక్కిపడి, తన ఫోటో తను చూసుకుని, "ఓరి దేవుడా, నా ప్యాంటు చిరుగు ఊరంతా ప్రదర్శించారా!" అని కొట్టడానికి వచ్చినంత పని చేశాడు. చిన్నదర్జీ లోపల్నుంచి వచ్చి, ఆయన్ని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, చిరుగు ఎక్కడుందో ఆయనకే తెలియకుండా కుట్టి పంపించింది. ఆయన పోతూపోతూ ఫోటో చుట్టి చంకలో పెట్టుకుని, వాళ్లావిణ్ని తెస్తానని చెప్పి వెళ్లాడు.

టీచరమ్మ వచ్చింది, కోటుతోపాటు ముగ్గురు పిల్లల ప్యాంట్లూ తెచ్చింది. గౌనమ్మాయి వచ్చింది. తమ మొహం చూసుకుని వచ్చినవాళ్లు కొందరు, పక్కింటాయన మొహం చూసి నవ్వుకుని చెప్పడానికి వెళ్లి వెంటబెట్టుకొచ్చినవాళ్లు కొందరు. ఫోటోల్లో లేనివాళ్లు కూడా "మేమూ వచ్చి తిరిగిపోయాం, మాది తియ్యలేదేం?" అని అద్దాలాయనతో తగువు పెట్టుకున్నారు. కుక్కగారి యజమాని కూడా వచ్చాడు, కుక్క మెడపట్టీ తెగిందట, ఆరోజు దానికోసమే వచ్చాడట. "స్వేచ్ఛ" అన్న చీటీ చూసి, పట్టీ తెగి పారిపోతే స్వేచ్ఛ కాక ఏమవుతుందని కడుపుబ్బా నవ్వాడు.

అద్దం మీద ఫోటోలు ఒక్కొక్కటే ఊడిపోతూ వచ్చాయి. ఖాళీ అయినచోట లోపల లైటు కింద మిషను తొక్కుతున్న చిన్నదర్జీ కనిపించేది. నెలాఖరు రోజు పొద్దున పెద్దదర్జీ వచ్చింది. వెనకాలే తాళాలాయన కూడా, ఈసారి సొంత టేపుతో. ముందుగదిలో కూర్చోవడానికి చోటు లేదు. పెద్దదర్జీ కుట్టి పెట్టిన గౌను ఒకటి తీసి నడుము కుట్టు మీద వేలు లాగింది, మడతపెట్టింది, తాళాలాయన కేసి తిరిగింది.

"బాబూ, నువ్వొచ్చిన పనేంటో గానీ, నీ చొక్కా కాలరు పిగిలింది. వరసలో కూర్చో" అంది.

సాయంత్రానికి అద్దం మీద ఒక్క ఫోటో మిగిలింది. "శూన్యం". చిన్నదర్జీ దానికింద ఏ చీటీ రాయలేదు. ఎవరిదో తెలియక కాదు. అతికించిన రోజే చూసింది: ఎడమపక్క మూల, బస్సు ఆగే స్తంభం పక్కన, చిన్నగా ఒక మనిషి. మొహం ఉండాల్సినచోట కెమెరా ఉంది. మెడలో పట్టీ, పట్టీకి తళుక్కుమంటూ పిన్నీసు.

ఆరున్నరకి అద్దాలాయన బోర్డు తియ్యడానికి వచ్చాడు. కొక్కెం మీద చెయ్యి వేసి, ఆ ఫోటో కేసి చూశాడు. ఇన్నాళ్లూ వందసార్లు చూసిన ఫోటో. మెళ్లో పట్టీకున్న పిన్నీసుని వేలితో తడుముకున్నాడు. బోర్డు తియ్యకుండానే తలుపు నెట్టాడు. గంట మోగింది.

చిన్నదర్జీ తల ఎత్తలేదు. "ఏం పనండీ?" అంది, అందర్నీ అడిగినట్టే.

అతను మెళ్లోంచి కెమెరా తీసి బల్లమీద పెట్టాడు. "పట్టీ తెగింది."

"ఎప్పుడు తెగింది?"

"మూడు నెలలు దాటింది."

"మరి ఇన్నాళ్లూ రాలేదేం?"

అద్దాలాయన ఆవిడ మొహం కేసి చూశాడు. కెమెరా అడ్డం లేకుండా, అద్దం అడ్డం లేకుండా. కళ్ల కింద ఆ నల్లచారలు ఎప్పుడొచ్చాయో అతనికి తెలియదు.

"షాపు మూసేసి ఉందనుకున్నాను" అన్నాడు.

చిన్నదర్జీ పిన్నీసు ఊడదీసి డబ్బాలో వేసింది. సూదిలోకి దారం ఎక్కించడానికి కొంచెం తడబడింది, కళ్లు చెమర్చడం వల్ల. రెండోసారికి ఎక్కింది.

"కూర్చోండి" అంది. "పది నిమిషాల పని."